పావలా బిళ్ళ

మొన్నామధ్య ఆఫీసులో ఒక బగ్ మీద రెండ్రోజులు కొట్టుకున్నాం. కోడ్ తప్పని వాళ్ళు, సర్వర్ తప్పని మేం. చివరికి చూస్తే టెస్ట్ మెషీన్లో మెమరీ చిప్పు సరిగ్గా కూర్చోలేదు. అందరూ నవ్వేసి టీకి పోయారు. నాకు మాత్రం 1996 గుర్తొచ్చింది.

అప్పుడు వైజాగ్‌లో డిగ్రీ చదువుతూ ఎన్.సి.సి.లో ఉండేవాణ్ణి. శనివారం పరేడ్ తర్వాత పెట్టే పూరీల కోసం చేరానని మా అమ్మ అనేది, అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ పాయింట్ టూ టూ రైఫిల్ పట్టుకున్నాక పూరీలు మర్చిపోయాను. బోల్టు వెనక్కి లాగి, గుండు పెట్టి, ముందుకి తోసి బిగిస్తే వచ్చే ఆ టక్కుమనే చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

క్యాంపుకి టీమ్ ఎంపిక అన్నారు. పాతిక గజాల్లో ఐదు గుళ్ళు. ఎక్కడ తగిలాయన్నది కాదు, ఎంత దగ్గరగా తగిలాయన్నదే లెక్క, దాన్నే గ్రూపింగ్ అంటారు. ముందురోజు ప్రాక్టీసులో నా ఐదు రంధ్రాలూ అరచెయ్యంత మేర చెదిరిపోయాయి. "సాంస్ రోకో, సాంస్!" అని ఉస్తాద్ ఒకటే అరుపు. ఊపిరి బిగపట్టి పట్టి కళ్ళు తిరిగాయి గానీ గ్రూపు మాత్రం రాలేదు.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పా. ఆయన స్టీల్ ప్లాంట్‌లో మెషీన్ షాపు. తుపాకీని ఎప్పుడూ ముట్టుకోలేదు. పేపర్లోంచి తలెత్తకుండానే, "జాబ్ కదుల్తోందేమో చూడు. బిగింపు సరిగ్గా లేకపోతే టూల్‌ని తిట్టి లాభం లేదు" అన్నాడు.

ఆయన మాట ఎంత నిజమో చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నాను. గుండు పేలినప్పుడు గొట్టం తీగలా అదురుతుంది. అదరకుండా ఎవరూ ఆపలేరు, ఆపనక్కర్లేదు కూడా. ప్రతిసారీ ఒకేలా అదిరితే చాలు, గుళ్ళన్నీ ఒకేచోటికి పోతాయి. ఇనుముని కర్రకి పట్టి ఉంచే స్క్రూలు వదులైతే ఒక్కోసారి ఒక్కోలా అదురుతుంది. ఆ పైన కర్ర తేమ పీల్చి ఉబ్బుతుంది. వానాకాలంలో మన వైజాగ్ ఇళ్ళ తలుపులు ఎలా పట్టేస్తాయో తెలుసుగా, అదే కర్ర గొట్టాన్ని ఓ పక్కనుంచి నొక్కితే గురి ఆ మేరకి జరుగుతుంది. అందుకే చాలా పోటీ రైఫిళ్ళలో గొట్టం కర్రకి ఆనకుండా సందు వదుల్తారు. మధ్యలోంచి ఓ నోటు కాయితం జారిస్తే ఎక్కడా తగలకుండా పోవాలి. లోపలి ఇనుము కూర్చునే చోట ఎపాక్సీ పోసి అచ్చుగుద్దినట్టు అతికేలా చేస్తారు, దాన్ని బెడ్డింగ్ అంటారు. గొట్టం మూతి అంచు కూడా ముఖ్యమే. శుభ్రం చేసే పుల్‌త్రూ తాడుని వంకరగా లాగీ లాగీ ఆ అంచు అరిగిపోయిన పాత రైఫిళ్ళు బోలెడు. (మన దేశంలో ఇవన్నీ లైసెన్సున్న ఆర్మరర్ చేతే చేయించాలి. నాలా చెయ్యకండి.)

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వాళ్ళు స్నైపర్ల కోసం కొత్త తుపాకీ తయారుచెయ్యలేదు. ఫ్యాక్టరీనుంచి వచ్చిన లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ ఫోర్‌లలో బాగా గ్రూపు ఇచ్చేవాటిని ఏరి హాలండ్ అండ్ హాలండ్ కంపెనీకి పంపితే, వాళ్ళు దుర్భిణీ, చెంప ఆనించుకునే చెక్కా బిగించి ఇచ్చారు. అంటే సగం పని ఏరడంలోనే అయిపోయిందన్నమాట.

సరే, మర్నాడు. నాకిచ్చిన రైఫిల్ని అటూ ఇటూ కదిపి చూశా. ట్రిగ్గర్ గార్డ్ ముందున్న స్క్రూ వదులు! జేబులో పావలా బిళ్ళ ఉంది (2011 తర్వాత చెల్లకుండా పోయిందే, అదే). ఉస్తాద్ అటు తిరిగినప్పుడు దాని అంచు గాడిలో పెట్టి బిగించేశా. ఐదు గుళ్ళూ ఒక అగ్గిపెట్టె కింద దాక్కునేంత దగ్గరగా పడ్డాయి.

ఐదు గుళ్ళతో ఏదీ రుజువు కాదని ఇవాళ నాకు తెలుసు. అది అదృష్టం కూడా కావచ్చు. కానీ తర్వాత జరిగింది అదృష్టం కాదు.

మా బ్యాచ్‌లో అందరికంటే బాగా కాల్చేవాడు నా పక్క బెంచీ వాడే. వాడికి వేరే రైఫిల్ ఇచ్చారు. వాడు చేతిలోకి తీసుకుంటుంటే కర్రా ఇనుమూ కదిలి టకటకమన్న చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది. వాడి వంతు రావడానికి ఇంకా నాలుగైదు నిమిషాలుంది. పావలా నా గుప్పిట్లోనే ఉంది. ఒక్కటే ఖాళీ. నేను బూటు లేసు కట్టుకుంటూ కూర్చున్నా.

వాడి గ్రూపు చెదిరిపోయింది. టీములో నా పేరొచ్చింది. సాయంత్రం బీచ్‌రోడ్డులో వాడే నాకు మిరపకాయ బజ్జీలు కొనిపెట్టాడు. ఆ క్యాంపు సర్టిఫికెట్ని చాన్నాళ్ళు నా రెజ్యూమెలో ఆఖరి లైనుగా మోశాను. తర్వాత ఎప్పుడు తీసేశానో గుర్తులేదు.

వాడిప్పుడు పోర్టులో పనిచేస్తున్నాడు. బగ్ దొరికిన రాత్రి ఫోన్ చేసి మొత్తం చెప్పేశా. కాసేపు మాట్లాడలేదు.

"నువ్వు పావలాతో బిగించడం నాను సూసేన్రా" అన్నాడు. "ఇస్తావేమోనని సూసేను. అడగాలనిపించలేదు."

ఏమనాలో తెలీలేదు. వాడే మళ్ళీ, "సంక్రాంతికి వస్తన్నావా? హార్బర్లో వంజరం బాగా పడతంది" అన్నాడు.

టికెట్లు ఇంకా బుక్ చెయ్యలేదు.