కాలు తీసినా ఆగని మోటారు

రాయదుర్గం కోట కొండ కింది సందుల్లో నడుస్తుంటే ఇళ్ల అరుగుల మీద నీలం గుడ్డ మూటలు కనిపిస్తాయి. అవి స్కూటర్ మీద ఒక ఇంటి నుంచి మరో ఇంటికి పోతుంటాయి. ఒకచోట జేబు, ఇంకోచోట జిప్పు, వేరొకచోట కాజా, చివరికి ఎక్కడో ఇస్త్రీ. 1953 దాకా ఈ తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు అనంతపురంలో కలిసింది. జిల్లా మారింది గానీ బేరసారాల దారి మారలేదు. జీన్స్‌కు పేరుపడ్డ బళ్లారి ఇక్కడికి కూతవేటు దూరమే అన్నట్టు జనం మాట్లాడతారు, తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగిస్తారు.

ఇంతమంది కుట్టుమిషన్ ముందు ఎందుకు కూర్చున్నారో ఊరు దాటి కణేకల్లు వైపు పోతే తెలుస్తుంది. జిల్లాలో ఏడాది పొడవునా కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా అదనుకు పడదు. వేదవతి ఇసుక గాలికి లేచి పొలాల మీద మేటలు వేస్తుంది. వేరుశనగ ఎండిపోయిన ఏడు ఈ ప్రాంతంలో చాలా ఇళ్లకు కూలి డబ్బే దిక్కు. అందుకే ఇక్కడ ఒక చిన్న కుట్టు షాపు కరెంటు బిల్లు గురించి రాయడం నాకు పంట గురించి రాయడమంత ముఖ్యంగా తోచింది.

నేను వెళ్లిన షాపు ఒక మిద్దె పైభాగం. పొడవాటి హాలు, రెండు వరసల మిషన్లు, మధ్యలో కటింగ్ టేబుల్. యజమాని మోటార్లు మారుస్తున్నాడు గానీ ఒక్కసారిగా కాదు. చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా రెండో మూడో మారుస్తూ వచ్చాడు. ఒక వరసలో కొత్తవి, రెండో వరసలో పాతవి. తేడా తెలియాలంటే చూడనక్కర్లేదు, వింటే చాలు. పాత వరసలో ఎవరూ కుట్టకపోయినా గుయ్యిమని ఒకటే మోత. కొత్త వరసలో మనిషి పెడల్ తొక్కినప్పుడే చప్పుడు, కాలు తీయగానే నిశ్శబ్దం.

"కాలు తీసినా లోపల తిరుగుతానే ఉంటాది సార్. మిషన్ ఆగింది గానీ మోటారు ఆగలేదు," అని యజమాని పాత వరస చివరి బల్ల కింద చెయ్యి పెట్టి చూపించాడు. నేనూ పెట్టి చూశాను. మోటారు ఒళ్లు కాలుతోంది.

దీన్ని క్లచ్ మోటారు అంటారు. సాధారణంగా అర హార్స్‌పవర్‌ది, దానికి అతికిన రేకు మీద 400 వాట్లని రాసి ఉంటుంది. స్విచ్ వేసింది మొదలు పూర్తి వేగంతో తిరుగుతుంది. పెడల్ తొక్కితే క్లచ్ ప్లేటు అతుక్కుని ఆ వేగం మిషన్‌కు అందుతుంది, కాలు తీస్తే ప్లేటు విడిపోతుంది. మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఇక కుట్టే మనిషి పని చూడండి. మూటలోంచి ముక్క తీయాలి, అంచులు కలపాలి, మడత సరిచేయాలి, కుట్టాక దారం తెంపి పక్కన పడేయాలి. ఇన్నిటి మధ్య సూది నిజంగా గుడ్డలో దిగేది మొత్తం సమయంలో ఇంచుమించు పావువంతు. మిగిలిన ముప్పావు భాగం మోటారు ఉత్తినే తిరుగుతుంది. బావిలో నీళ్లు లేకపోయినా ఎద్దులను పొద్దస్తమానం కపిలి తోలించినట్టు.

కొత్తది సర్వో మోటారు. దీనికి క్లచ్ లేదు. పెడల్ ఎంత నొక్కితే అంత వేగం, నొక్కకపోతే మోటారే ఆగిపోతుంది. ఇందులో ఒక చిక్కు ఉంది. చాలా సర్వో మోటార్ల మీద 550 వాట్లని రాసి ఉంటుంది. 400 తీసేసి 550 పెడితే బిల్లు ఎలా తగ్గుతుందని ఇంట్లో పెద్దవాళ్లు మొదట ఒప్పుకోలేదట. అడగవలసిన ప్రశ్నే అది. రేకు మీది అంకె మోటారు ఎంత బలం పెట్టగలదో చెబుతుంది, రోజంతా ఎంత కరెంటు తిన్నదో చెప్పదు. అది చెప్పేది మీటరు ఒక్కటే.

లెక్క వేసి చూద్దాం. పాత మోటారు ఎనిమిది గంటల పనిలో సుమారు రెండు యూనిట్లు కాలుస్తుందనుకుందాం. సర్వోతో అరవై, డెబ్బై శాతం ఆదా అన్నది ఈ రంగంలో అందరూ చెప్పే మాట. మిషన్‌కు రోజుకు 1.3 యూనిట్లు మిగిలితే, ఇరవై మిషన్ల షాపులో నెలకు పాతిక పనిదినాలకు 650 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయల చొప్పున 4,550 రూపాయలు. ఒక్కో మోటారుకు అయిదు వేలు పెట్టినా ఇరవైకి లక్ష. రెండేళ్ల లోపే ఆ లక్ష తిరిగి వస్తుంది, ఆ తర్వాత వచ్చేదంతా మిగులే. ముక్కకు ఇంత అని కూలి కుట్టే చిన్న షాపుకు నెలకు నాలుగున్నర వేలు చిన్న మొత్తం కాదు. పైగా ఆ డబ్బు వానను బట్టి రాదు, పని ఇచ్చే బళ్లారి సేటు దయను బట్టీ రాదు.

కానీ ఆ హాల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఈ లెక్క కాదు. కొత్త వరసలో కూర్చున్న ఒకామెను ఏం తేడా కనబడిందమ్మా అని అడిగాను. ఆమె బిల్లు ఊసే ఎత్తలేదు. "మోకాళ్ల కాడ సెగ లేదన్నా," అంది. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో, మిద్దె కప్పు కింద, ఒళ్లో దళసరి జీన్స్ గుడ్డ పెట్టుకుని కూర్చునే మనిషికి కాళ్ల దగ్గర కాలే మోటారు ఒకటి తగ్గడమంటే ఏమిటో ఆ ఒక్క మాటలో తెలిసింది. వృథా అయిన కరెంటు ఎక్కడికీ పోదు, సెగగానూ మోతగానూ మారి పనిచేసేవాళ్ల ఒంటి మీదికే వస్తుంది. బిల్లు యజమాని కడతాడు, సెగను కూలీ భరిస్తుంది.

పక్క బల్ల మీద ఒక పిల్ల కొత్తగా నేర్చుకుంటోంది. క్లచ్ మోటారు మీద పెడల్ కాస్త గట్టిగా పడితే మిషన్ ఒక్కసారిగా దూకుతుంది, సూది వేలి మీదికొస్తుందన్న భయంతోనే చాలామంది మానేసేవారట. సర్వోలో వేగానికి ముందే హద్దు పెట్టుకోవచ్చు. మెల్లగా నేర్చుకుని, చెయ్యి తిరిగాక హద్దు పెంచుకోవచ్చు. నేర్చుకునే పిల్ల నిలబడితే షాపుకు మనిషి దొరికినట్టే, ఇంటికి ఇంకో కూలి డబ్బు వచ్చినట్టే.

దీపాలు, ఫ్యాన్ల సంగతి తేలిక. ఎల్‌ఈడీ ఈ జిల్లాకు కొత్త కాదు. 2014లో రాష్ట్రంలో ముందుగా ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇంటికి రెండు బల్బులు, ఒక్కోటి పది రూపాయలకు ఇచ్చారు. ఇళ్లలో వెలిగినవి షాపుల్లోకి వాటంతటవే వచ్చాయి. సూది పక్కన అంటించే చిన్న ఎల్‌ఈడీ ఉంటే నీలం గుడ్డ మీద నీలం దారం బాగా కనబడుతుంది. ఫ్యాన్లే ఇంకా పాతవి. 75 వాట్ల ఫ్యాను స్థానంలో ముప్పై వాట్ల లోపు తినేవి బజారులో ఉన్నాయి. ఇస్త్రీ గదిలో ఆవిరి పైపులు ఒట్టివిగా ఉన్నాయి. వాటికి వేడి పోకుండా కట్టు చుట్టడం అన్నిటికన్నా చవకైన పని. అది ఇంకా జరగలేదు.

అన్నీ బాగున్నాయని నేను రాయలేను. క్లచ్ మోటారు కాలిపోతే వీధి చివర రీవైండింగ్ చేసేవాడు సాయంత్రానికి ఇచ్చేస్తాడు. అలా మళ్లీ మళ్లీ చుట్టిన మోటారు మరింత కరెంటు తింటుందన్నది వేరే విషయం. సర్వోలో బోర్డు పోతే ఊళ్లో బాగుచేసేవాళ్లు తక్కువ. ఓల్టేజీ ఎగుడుదిగుళ్లకు ముందుగా పోయేది ఆ బోర్డే. చవకని పేరులేనివి కొన్నవాళ్లు మళ్లీ పాత మోటార్లకే మళ్లిన సంగతి కూడా విన్నాను. రాయదుర్గానికి ఇప్పుడు కావలసింది ఇంకో పథకం ప్రారంభోత్సవం కాదు, ఈ బోర్డులు బాగుచేయడం నేర్చిన నలుగురు కుర్రాళ్లు. జిల్లాలోని ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు తలుచుకుంటే ఒక్క ఏడాదిలో అయ్యే పని.

తిరిగి వచ్చే దారిలో బెళుగుప్ప, ఉరవకొండ వైపు గాలిమరలు వరుసగా నిలబడి ఉన్నాయి. ఉమ్మడి అనంతపురం నేల ఎండను, గాలిని కరెంటుగా మార్చి దేశానికి ఇస్తోంది. రామగిరి కొండల మీద గాలిమరలు 1990ల్లోనే వెలిశాయి. నంబులపూలకుంట సోలార్ పార్కులో ఎన్టీపీసీ 2016 నాటికే 250 మెగావాట్లు పూర్తిచేసింది. వీటి మీద పెట్టిన చూపులో కొంచెమైనా ఆ కరెంటు వాడే చిన్న షాపుల్లో వృథాను ఆపడం మీద పెట్టినట్టు నాకు కనబడలేదు. ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. సిమెంటు వంటి భారీ పరిశ్రమలకు 2012 నుంచి పొదుపు లక్ష్యాలు పెట్టి, సాధించినవాళ్లకు అమ్ముకోగల సర్టిఫికెట్లు ఇస్తూ వచ్చారు. మిద్దె మీద ఇరవై మిషన్ల షాపు ఆ లెక్కలోకి రాదు. ఒక్కో షాపు చిన్నదే, కానీ ఊరంతా కలిస్తే చిన్నది కాదు.

షాపులు నడుపుతున్న అన్నలకు, అక్కలకు నేను చెప్పేది ఇంతే. నా లెక్కను నమ్మకండి, అమ్మేవాడి లెక్కనూ నమ్మకండి. ఒక చిన్న మీటరు కొని పాత మోటారుకు ఒకరోజు, కొత్తదానికి ఒకరోజు తగిలించి, ఒకే మనిషి చేత ఒకే పని కుట్టించి చూడండి. తేడా కనబడితే ముందు రోజంతా నడిచే మిషన్లకు మార్చండి. బోర్డు పోతే ఎవరు బాగుచేస్తారో కొనేముందే అడగండి. మోటారు ఖర్చు తీరిపోయాక మిగిలే డబ్బులో కొంత ముక్క రేటులో కలపండి. ఆ సెగను ఇన్నేళ్లూ భరించింది కుట్టేవాళ్లే.