పెరటి టమాటా, అమ్మ మాట

అమ్మ ఇక్కడికొచ్చిన మొదటి వారంలోనే తేల్చేసింది, "ఒరేయ్, ఈ టమాటాలు చూడ్డానికేరా, తినడానికి కాదు" అని. నిజమే మరి. పచ్చిగా కోసి, ఇథిలీన్ పట్టించి ఎర్రబరిచిన కాయకి రుచెక్కణ్ణుంచి వస్తుంది? సరే, మిస్సిసాగా పెరట్లో మనమే వేద్దామని పంతం పట్టాను.

మొదటి ఏడాది నా తొందరే కొంప ముంచింది. మే మొదట్లో ఎండ చూసి మురిసిపోయి నాటేశా. ఒక్క రాత్రి మంచుకి ఆరు మొక్కలూ నల్లబడి వాలిపోయాయి. ఇక్కడివాళ్ళు విక్టోరియా డే దాకా ఎందుకాగుతారో అప్పుడర్థమైంది. రెండో ఏడు బలానికని నత్రజని ఎరువు గుమ్మరించా. మొక్కలు నా భుజాల దాకా పెరిగాయి, కాయలు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని! రోజూ నీళ్ళు పోశానేమో, అవీ చప్పగానే ఉన్నాయి.

మూడో ఏడు బ్రాండీవైన్ అనే పాత రకం వేశాను. కాండం సగందాకా మట్టిలో పాతి, వారానికి రెండుసార్లే వేళ్ళు బాగా తడిసేలా నీళ్ళు. కాయ రంగు తిరిగాక అదీ తగ్గించా. ఆగస్టు చివర్లో పండాయి. మా ఆవిడ అలవాటుకొద్దీ ఫ్రిజ్‌లో పెట్టబోతే వద్దన్నాను. చల్లదనానికి టమాటాలో సువాసన తయారవడం మందగిస్తుందని 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధనలో తేలింది లెండి.

అమ్మ అప్పటికి గుంటూరు వెళ్ళిపోయింది. పప్పు గిన్నె ఫోన్లో చూపించా.

"పులుపుందా?" అంది.

ఉందన్నా.

"అయితే గింజలు దాచు. వచ్చే ఏడు నేనొచ్చి చూస్తా."

కడిగి కాగితం మీద ఆరబెట్టాను.