కొత్త సైకిలు, లేవని షాకప్‌లు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగితే మేం నలుగురం కూర్చుని ఆలోచించాం. కవితలు రాయడం మాకు రాదు. పెద్ద విషయాలు రాసేవాళ్లు ఈ సంచికలో చాలామందే ఉన్నారు. అందుకే మాకు బాగా తెలిసిన ఒక చిన్న విషయం రాస్తున్నాం. అది మా సైకిలు గురించి. సరిగ్గా చెప్పాలంటే ఆ సైకిలు ముందు చక్రానికి ఉండే షాకప్‌ల గురించి.

మేం నలుగురం ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాం. అందరికీ ఇరవై మూడేళ్లు. మా నాలుగు ఇళ్లల్లోనూ డిగ్రీ పట్టా మొదట చేతికి వచ్చింది మాకే. ఉండేది హన్మకొండలో, క్లాసులు కాకతీయ యూనివర్సిటీలో. సాయంత్రం మాలో ఇద్దరికి ట్యూషన్లు, ఒకరికి పార్శిళ్లు ఇచ్చే పని. ఆటోలకు నెలనెలా పోయే డబ్బు లెక్క వేసుకుని, 2024 ఆగస్టులో తలా 2,400 రూపాయలు వేసి 9,600లకు ఒక గేరు సైకిలు కొన్నాం. షాపులో దాన్ని మౌంటెన్ బైక్ అంటారు. లావు టైర్లు, డిస్క్ బ్రేకులు, ముందు షాకప్‌లు. మా దారిలో కొండలు లేవు గానీ గుంతలకు కొదవ లేదు. ఆ డబ్బులో ఒకరిది స్కాలర్‌షిప్‌లో మిగిలింది, ఇద్దరిది ట్యూషన్లలో వచ్చింది, ఒకరిది అమ్మ నాట్లు వేసిన కూలి. వంతులు వేసుకుని తొక్కుదామనుకున్నాం.

మూడో రోజుకే తేడా కనిపించింది. గుంతలో పడగానే ముందు భాగం కిందికి దిగి అక్కడే ఉండిపోతోంది. బ్రేకు వేస్తే టకటకమని చప్పుడు. హ్యాండిల్ పట్టుకుని గట్టిగా పైకి లాగితే తప్ప మళ్లీ లేవడం లేదు.

షాపుకు పోయాం. సేటు సైకిలు వైపు చూడకుండానే, "తమ్మీ, కొత్తది గదా, నాలుగు రోజులు తొక్కుతే అదే సెట్టయితది" అన్నాడు. "లేదన్నా, ఒకసారి నొక్కి చూడు" అన్నాం. అప్పుడు మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, "హాస్టల్ పిలగాండ్లు గదా, నలుగురూ ఎక్కి గుంతలల్ల ఎగిరిచ్చిండ్రు. నేనేం జెయ్యాలె?" అన్నాడు. బిల్లు చివర ఉన్న గీత మీద వేలు పెట్టి చూపించాడు. "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఉంది.

ఆ రాత్రి మా గదిలో పెద్ద చర్చే జరిగింది. ఇరవై మందిమి పోయి షాపు ముందు కూర్చుందామని ఒకడన్నాడు. పరీక్షలున్నాయి, వదిలేద్దామని ఇంకొకడన్నాడు. నాట్ల కూలి ఇచ్చిన అమ్మకు ఫోన్ చేస్తే ఫోన్ నాన్న తీసుకున్నాడు. "పెద్దోళ్లతోని మనకెందుకు బిడ్డా, పోనియ్" అన్నాడు. ఆ మాట మాకెవరికీ కొత్త కాదు. నాలుగు ఇళ్లల్లోనూ చిన్నప్పటి నుంచి వింటున్నదే. విత్తనం మొలవకపోయినా పోనియ్, తూకంలో మోసం జరిగినా పోనియ్, మోటారు నెలకే కాలిపోయినా పోనియ్. మన పెద్దవాళ్లు పిరికివాళ్లై ఆ మాట అనలేదు. అడగబోతే ఆ రోజు కూలి పోతుంది. అడిగినా చేతిలో కాగితం ఉండదు. ఉన్నా చదివిపెట్టేవాళ్లు ఉండరు. మా దగ్గర కాగితం ఉంది, చదువూ ఉంది. ఇక వదిలేయడానికి మాకు కారణం దొరకలేదు.

మరునాడు రోడ్డు పక్కన సైకిళ్లు బాగుచేసే కాక దగ్గరికి పోయాం. ఆయన ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకూ వెనక్కూ ఊపాడు. హ్యాండిల్ కింది కప్పుల దగ్గర వేలు పెట్టి చూశాడు, అక్కడ కదలిక లేదు. షాకప్ పైగొట్టం కిందిగొట్టంలోకి దిగే చోట వేలు పెట్టాడు, అక్కడ కదులుతోంది. మా వేళ్లు కూడా పెట్టించాడు. "హ్యాండిల్ కప్పులు లూజయితే బిగిస్తే సరిపోతది. ఇది లోపలి బుష్షుల తేడా. కానీ విప్పకుండ్రి బిడ్డా. విప్పితే మీరే చెడగొట్టిండ్రంటరు. కొన్నకాడికే పోండ్రి" అన్నాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

షాకప్‌ల పని మన ఇంటర్ పుస్తకంలోదే. పైగొట్టం కిందిగొట్టంలో జారుతుంది, లోపల స్ప్రింగు ఉంటుంది. హుక్ సూత్రం ప్రకారం ఎంత బరువు వేస్తే స్ప్రింగు అంత నొక్కుకుంటుంది, బరువు తీస్తే మళ్లీ లేవాలి. ఖరీదైన సైకిళ్లలో ఆ లేవడం అదుపులో ఉండటానికి నూనె కూడా ఉంటుంది. తక్కువ ధర వాటిలో సాధారణంగా స్ప్రింగు, గ్రీజు మాత్రమే. గొట్టం జారేచోట ప్లాస్టిక్ బుష్షులుంటాయి. అవి సరిగ్గా అమరకపోయినా, గ్రీజు లేకపోయినా, గొట్టం వంకరగా ఉన్నా ఘర్షణ పెరిగి స్ప్రింగు దాన్ని నెట్టలేకపోతుంది. అలా దిగి ఉండిపోయిన షాకప్ ఉన్నా లేనట్టే. తర్వాతి గుంత దెబ్బ నేరుగా మణికట్లకు వస్తుంది. ముందు భాగం కిందికి వాలి ఉండటంతో గట్టిగా బ్రేకు వేస్తే మనిషి ముందుకు తూలే ప్రమాదం కూడా ఉంది.

ల్యాబ్‌లో రోజూ చేసే పనే సైకిలు మీద చేశాం. స్కేలు పెట్టి, పైగొట్టం ఎంత బయటికి కనిపిస్తోందో కొలిచాం. ఎక్కక ముందు 9 సెంటీమీటర్లు. ఒకరు ఎక్కి దిగాక 6. చేత్తో లాగితే మళ్లీ 9. ఇలా ఐదుసార్లు చేసి పట్టిక రాశాం, ఫోన్లో వీడియో తీశాం. తర్వాత షాపు బయట నిలబెట్టిన అదే మోడల్ సైకిలు మీద ఎక్కి దిగి చూశాం. పనిచేసే పిల్లగాడు అడ్డు చెప్పలేదు. అది ఐదుసార్లూ తనంతట తానే 9కి వచ్చింది. అంటే "ఈ మోడలే ఇంత" అనే మాట ఇక చెల్లదు.

చట్టం సంగతి మన హాస్టల్‌లోనే ఉన్న ఎల్ఎల్‌బీ అన్న చెప్పాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వకపోవడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. సేటు వేలు పెట్టి చూపించిన గీతకు చట్టం ముందు అంత బలం లేదని తెలిసిన రాత్రి మాకు నిద్ర బాగా పట్టింది.

ఎనిమిదో రోజున ఒక పేజీ ఉత్తరం రాశాం, తెలుగులోనే. కొన్న తేదీ, బిల్లు నంబరు, పెడళ్ల ఇరుసు కింద ఫ్రేము మీద చెక్కిన నంబరు, లోపం ఏమిటి, కొలతల పట్టిక, మాకేం కావాలి, ఎన్ని రోజుల్లో కావాలి. తిట్టు ఒక్కటి కూడా లేదు. షాకప్ ఫోర్కు మొత్తం మార్చాలి, లేదా డబ్బు వాపసు ఇవ్వాలి, గడువు పది రోజులు అని రాసి నలుగురం సంతకాలు చేశాం. షాపులో ఇచ్చి, ముట్టినట్టు సంతకం పెట్టమంటే సేటు పెట్టలేదు. రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. (2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపారు కాబట్టి ఇప్పుడైతే స్పీడ్ పోస్టులో పంపాలి.) పది రోజులైనా జవాబు లేదు. పదకొండో రోజు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాం. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు.

వారం తర్వాత కంపెనీ మనిషి వచ్చాడు. సైకిలు ఎక్కి దిగాడు. మా పట్టిక చూశాడు. మారు మాట్లాడకుండా అదే రోజు కొత్త ఫోర్కు వేయించాడు. సేటు పక్కనే నిలబడి, "ముందే చెప్తే నేనే మార్పిచ్చేటోణ్ణి గదా తమ్మీ" అన్నాడు. మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. సైకిలు ఎక్కి వచ్చేశాం. హాస్టల్ పిల్లలమని అన్న మాటను మాత్రం ఆయన వెనక్కి తీసుకోలేదు. అది ఏ ఉత్తరంతోనూ రాబట్టలేనిది.

తమ్ముళ్లారా, ఇది గొప్ప విజయం అని చెప్పడం లేదు. కానీ దీనిలోంచి మీకు పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. ఏది కొన్నా బిల్లు అడగండి. సైకిలైతే షాపు దాటక ముందే ఎక్కి, దిగి, ముందు బ్రేకు పట్టి ఊపి చూడండి. తేడా వస్తే మీరు విప్పకండి, ఫొటో తీయండి, కొలిచి రాయండి. నోటితో చెప్పినదాన్ని కాగితం మీద కూడా పెట్టండి. అప్పటికీ వినకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. అడగనిదే అమ్మైనా అన్నం పెట్టదంటారు. అమ్మ అడక్కపోయినా పెడుతుంది గానీ, షాపువాడు మాత్రం పెట్టడు.

ఇంకొక్క మాట. నాసిరకం విత్తనాల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసుల్లో, రైతు కూడా వినియోగదారుడే, వినియోగదారుల ఫోరానికి పోవచ్చని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మన నాన్నలు "పోనియ్" అన్న చోట కూడా దారి ఉంది. ఆ దారికి కావలసింది ఒక బిల్లు, ఒక పేజీ ఉత్తరం, రాసిపెట్టే మనిషి. డిగ్రీ పట్టా ఇంట్లో మొదటిసారి వచ్చిందంటే, ఆ రాసిపెట్టే మనిషి ఇంట్లోకి వచ్చినట్టే. ఉద్యోగం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు.

సైకిలు కథంతా సెలవుల్లో ఇంట్లో చెప్పాం. "పోనియ్" అన్న ఆ నాన్న ఏమీ అనలేదు, ఊఁ కొడుతూ విన్నాడు. తర్వాతి వానకాలం పత్తి విత్తనాల సంచులు కొన్నప్పుడు మాత్రం డబ్బులు ఇచ్చి కదలకుండా అక్కడే నిలబడ్డాడట. ఇంకేం కావాలె అని షాపాయన అడిగితే, "బిల్లు" అన్నాడట.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ నలుగురు అన్నలు, ఎమ్మెస్సీ ఫిజిక్స్