ఒక ప్రతి చాలదు



మహబూబాబాదు జిల్లాలో బయ్యారం అనే ఊరు ఉన్నది. ఆ పేరు చెప్పగానే పెద్దవాళ్ళకు రెండు సంగతులు గుర్తుకు వస్తాయి. ఒకటి పెద్ద చెరువు, రెండవది ఇనుపరాయి. ఈ రెంటికీ, మీ ఇంట్లో బల్లమీద ఉన్న కంప్యూటరుకూ సంబంధం ఉన్నదంటే మీరు నవ్వుతారు. నవ్వండి గాని, కాస్త ఓపికగా వినండి.

బయ్యారం చెరువును సుమారు 800 ఏళ్ళ కిందట కట్టించినది మైలాంబ. ఆమె కాకతీయ ప్రభువు గణపతిదేవుడి తోడబుట్టినది. చెరువుకు ధర్మకీర్తి సముద్రం అని పేరు పెట్టి, ఆ సంగతిని రాతిమీద చెక్కించింది. అందులోనే తన పుట్టింటి పెద్దల పేర్లను తాతముత్తాతల నుంచీ వరసగా చెప్పించింది. కాకతీయుల వంశక్రమం తెలుసుకోవడానికి చరిత్రకారులకు ఈ శాసనం ముఖ్యమైన ఆధారమైంది. ఆమె పోయింది, రాజ్యం పోయింది, కోటలు కూలాయి. ఆమె చెప్పించిన మాట మాత్రం మనదాకా వచ్చింది.

ఇప్పుడు మీ ఇంటి కంప్యూటరు సంగతి చూద్దాం. అందులో ఏమేమి ఉన్నాయి? అక్క పెళ్ళి ఫోటోలు, అన్నయ్య మార్కుల పత్రాలు, నాన్న పొలం కాగితాల నకళ్ళు, మీరు బడి కోసం తయారు చేసిన పాఠాలు, తాత మాట్లాడుతుండగా తీసిన వీడియో. ఇవన్నీ 800 ఏళ్ళ మాట అటుంచి, వచ్చే వానాకాలం దాకా ఉంటాయని చెప్పగలరా? చెప్పాలంటే అసలు కంప్యూటరు జ్ఞాపకం ఎట్లా పెట్టుకుంటుందో తెలియాలి.

ఇక్కడే ఇనుము కథ వస్తుంది. 1956లో అమెరికాలో ఐ.బి.ఎం. అనే కంపెనీ మొట్టమొదటి హార్డు డిస్కును తయారు చేసింది. అందులో రెండడుగుల వెడల్పుగల పళ్ళేలు 50 ఉండేవి. దాని బరువు సుమారు ఒక టన్ను. ఇంత చేసి, అది దాచగలిగినది 50 లక్షల ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే! ఈనాడు మీ బొటనవేలంత ఉండే 32 జీబీ పెన్‌డ్రైవులో దానికి ఆరువేల రెట్లకు పైగా పడుతుంది.

ఆ పళ్ళేలమీద ఏమి పూశారో తెలుసా? ఇనుమూ, ఆమ్లజనీ కలిసిన ఎర్రని పొడి. మన బయ్యారం ఎర్రరాయిలో ఉన్నదీ ఇనుమూ, ఆమ్లజనే! ఆ పూతను అయస్కాంతంతో తాకితే, దానిలోని చిన్న చిన్న చోట్లు ఒక వైపుకో, ఇంకొక వైపుకో తిరిగి అట్లాగే ఉండిపోతాయి. ఒక వైపు తిరిగితే ఒకటి, రెండో వైపు తిరిగితే సున్న అని లెక్క. కంప్యూటరుకు వచ్చిన అక్షరాలు ఈ రెండే. మీ ఫోటో అయినా, పాట అయినా దానికి ఒకట్లూ, సున్నలూ బారులు తీరిన వరస మాత్రమే.

ఇప్పటి హార్డు డిస్కులలో ఆ ఎర్రపూత లేదు. దానికి బదులు కోబాల్టు కలిసిన మిశ్రమలోహపు పలచని పొర ఉంటుంది. ఇళ్ళలోని డిస్కులు నిమిషానికి 5400 సార్లో, 7200 సార్లో గిరగిరా తిరుగుతాయి. చదివే ముల్లు ఆ పళ్ళేన్ని తాకకుండా, దానికి కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఉంటుంది. మన తలవెంట్రుక మందం వేలకొద్దీ నానోమీటర్లు. అంటే ఆ సందులో వెంట్రుక కాదుగదా, ధూళికణం కూడా పట్టదు. నడుస్తున్న డిస్కును కింద పడేస్తే ముల్లు పళ్ళేన్ని గీరుతుంది. గీరినచోట వ్రాసినది తుడుచుకుపోతుంది.

"మా కంప్యూటరులో తిరిగే డిస్కు లేదండీ, ఎస్.ఎస్.డి. ఉన్నది," అని మీలో కొందరు అనవచ్చు. మంచిదే. అందులో తిరిగేది ఏదీ లేదు కాబట్టి చిన్న దెబ్బలకు తట్టుకుంటుంది. అది, పెన్‌డ్రైవు, ఫోనులోని కార్డు, మూడూ ఒక జాతివే. వాటిలో విద్యుత్తును అతి చిన్న గదులలో బంధించి ఉంచుతారు. ఏళ్ళ తరబడి వాడకుండా పెట్టెలో పడేస్తే ఆ విద్యుత్తు మెల్లమెల్లగా కారిపోవచ్చు. తిరిగే డిస్కు పోయేముందు ఒక్కొక్కసారి టక్ టక్ మని చప్పుడు చేసి హెచ్చరిస్తుంది. ఇవి చాలాసార్లు చెప్పకుండానే పోతాయి.

నేను హెడ్మాస్టరుగా పనిచేసి విరమించినవాణ్ణి. ఇప్పటికీ పిల్లలు ఏదో ఒకటి అడగడానికి వస్తూనే ఉంటారు. బయ్యారం పక్క ఊళ్ళో ఒక ఇంట జరిగిన సంగతి చెబుతాను.

ఆ ఇంటి నాయనమ్మకు బతుకమ్మ పాటలు చాలా వచ్చు. పుస్తకాలలో లేనివి, ఆమె తల్లి నోట విని నేర్చుకున్నవి. మనుమడు ఎనిమిదో తరగతి. ఒక దసరా సెలవులలో ఆమెను కూర్చోబెట్టి, ఫోనులో పదకొండు పాటలు పాడించుకున్నాడు. వాటిని కంప్యూటరులో భద్రంగా పెట్టాడు. ఫోనులో చోటు చాలక అక్కడివి తీసేశాడు. సంక్రాంతి వెళ్ళిన తరవాత నాయనమ్మ కాలం చేసింది. ఆ వానాకాలంలో ఒక రాత్రి పిడుగు పడింది. కంప్యూటరు తీగ గోడకే ఉన్నది. తెల్లవారి మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

బాగుచేసేవాడు విప్పి చూసి, డిస్కు కూడా కాలిందన్నాడు. పట్నంలో ప్రయత్నించేవాళ్ళు ఉన్నారు గాని, వాళ్ళు అడిగే సొమ్ము ఆ ఇంటికి అందనిది. పైగా వస్తాయన్న హామీ లేదు. పిల్లవాడు నా దగ్గరికి వచ్చాడు.

"సార్, కంప్యూటరులోనే పెట్టినం గదా! ఎక్కడికి పోతయి?" అన్నాడు.

"ఎక్కడికీ పోలేదు బిడ్డా. ఉన్నచోటే పోయినయి. ఇంకెవరికైనా పంపినవా?" అని అడిగాను.

వాడు చాలాసేపు ఆలోచించాడు. కొత్తగూడెంలో ఉన్న మేనత్తకు రెండు పాటలు పంపినట్టు గుర్తుకు వచ్చింది. ఫోను చేస్తే, ఆమె దగ్గర ఆ రెండూ ఉన్నాయి. పదకొండింటిలో మిగిలినవి రెండు. అవి కూడా జాగ్రత్తపడి దాచినందువల్ల కాదు, అత్తకు ముచ్చటగా పంపినందువల్ల.

ఇందులో ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. కంప్యూటరు కొనిపెట్టినవాళ్ళు దానిని ఎట్లా తెరవాలో చెప్పారు గాని, అది పోతే ఏం చేయాలో చెప్పలేదు. మీకు చెప్పడానికే నేనీ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాను.

మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. తాటాకు పుస్తకాన్ని పురుగు తింటుంది, చెద పడుతుంది. అందుకని ఆకు శిథిలం కాకముందే ఇంకొక ప్రతి వ్రాసుకునేవారు. సి.పి. బ్రౌన్ దొర కడపలో ఉన్నప్పుడు పండితులను జీతాలకు పెట్టి, ఎక్కడెక్కడి తాటాకు ప్రతులనో తెప్పించి, వాటికి మేలుప్రతులు వ్రాయించాడు. వేమన పద్యాలను ఏరి 1829లో అచ్చు వేయించాడు. అచ్చు అంటే ఏమిటి? ఒక్కసారిగా వందల ప్రతులు తీసి వందల ఇళ్ళలో దాచడం!

ఇక అన్నమయ్య సంగతి చూడండి. ఆయన 32 వేల సంకీర్తనలు రచించాడని మనుమడు చిన్నన్న చెప్పాడు. వాటిని రాగిరేకులమీద చెక్కించి తిరుమల గుడిలో భద్రపరిచారు. రాగి గట్టిదే, గుడి పవిత్రమైన చోటే. అయినా ఈనాడు మనకు దొరికినవి అందులో సగం కూడా లేవు. కాబట్టి గట్టి వస్తువు ఉన్నంత మాత్రాన చాలదు.

చివరికి రాతి శాసనాన్ని కూడా పరిశోధకులు ఊరికే వదిలిపెట్టరు. రాయిని కడిగి, తడి కాగితం పరచి, కుంచెతో కొట్టి, పైన సిరా అద్దుతారు. అక్షరాలన్నీ కాగితంమీదికి దిగుతాయి. తరవాత ఆ పాఠాన్ని పుస్తకంలో అచ్చు వేస్తారు. రాతికే నకలు తీస్తుంటే, మన డిస్కుకు అక్కరలేదా?

కంప్యూటరు తెలిసినవాళ్ళు దీనికి ఒక సూత్రం చెబుతారు: మూడు, రెండు, ఒకటి. వేళ్ళమీద లెక్కపెట్టుకోండి.

మూడు అంటే, ముఖ్యమైన ప్రతి ఫైలూ మూడు ప్రతులు ఉండాలి. రెండు అంటే, అవి రెండు రకాల వస్తువులలో ఉండాలి. ఒకటి కంప్యూటరులో ఉంటే, ఇంకొకటి విడిగా దొరికే డిస్కులో ఉండవచ్చు. ఒకటి అంటే, ఒక ప్రతి మీ ఇంటికి దూరంగా ఉండాలి. ఇంట్లో నీళ్ళు వచ్చినా, దొంగ పడినా, పిడుగు పడినా ఆ ఒకటి మిగులుతుంది. ఇంటర్‌నెట్టు ఉన్నవాళ్ళు గూగుల్ డ్రైవ్ వంటిచోట దాచుకోవచ్చు. లేనివాళ్ళు ఒక డిస్కును పక్క ఊళ్ళో మేనమామ ఇంట బీరువాలో పెట్టవచ్చు. కొత్తగూడెం అత్త చేసిన పని అదే గదా!

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఫోనులోని ఫోటోలు వాటంతట అవే ఇంటర్‌నెట్టులోకి వెళ్ళే ఏర్పాటు చాలామంది పెట్టుకుంటారు. అది అద్దంలో బొమ్మ వంటిది. చాలా ఏర్పాట్లలో, మీరు ఫోనులో చెరిపేస్తే అక్కడ కూడా చెరిగిపోతుంది. కాబట్టి దానిని ఒక్కదాన్నే నమ్మి కూర్చోవద్దు.

రెండో మెలిక ఇంకా పెద్దది. 2017 మే 12న వాన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము లోకమంతా పాకింది. 150కి పైగా దేశాలలో లక్షల కంప్యూటర్లకు సోకింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లనూ అది వదలలేదు. సోకినచోట ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, తాళంచెవి కావాలంటే సొమ్ము కట్టమని బెదిరించేది. కంప్యూటరుకు తగిలించి ఉన్న డిస్కులలోని ఫైళ్ళకు కూడా తాళం వేసేది. విడదీసి బీరువాలో పెట్టిన డిస్కు జోలికి పోలేకపోయింది! అందుకని నకలు తీయడం కాగానే డిస్కును విడదీయాలి. విడదీసేముందు తెరమీద దాన్ని తొలగించే మీట నొక్కి, తీయవచ్చునని వచ్చిన తరవాతనే లాగాలి. వ్రాస్తుండగా లాగితే సగం వ్రాసిన కాగితాన్ని చింపినట్టే.

ఇంకొకటి గమనించండి. వాన్నాక్రై దూరిన కంతను పూడ్చే మరమ్మతును మైక్రోసాఫ్టు కంపెనీ ఆ మార్చి నెలలోనే పంపించింది. మరమ్మతు వేసుకున్నవాళ్ళ ఇంటికి అది ఆ కంతలోంచి రాలేదు. కంప్యూటరు "అప్‌డేట్" అని అడిగినప్పుడు "రేపు చూద్దాం" అనకండి. ఎవరో పంపిన తెలియని ఫైలును తెరవకండి.

ప్రతి ఉంటే చాలదు, దానిని చదవగలగాలి కూడా. వెనక తెలుగులో టైపు చేసిన కాగితాలు చాలా ఇళ్ళలో, బళ్ళలో ఉన్నాయి. వాటిని ఒక్కొక్కరు ఒక్కొక్క ఫాంటులో టైపు చేశారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగు పోయి ఇంగ్లీషు అక్షరాలు చిందరవందరగా కనిపిస్తాయి. లోకంలోని లిపులన్నిటికీ ఒకే పద్ధతిలో అంకెలు ఇచ్చిన యూనికోడు 1991లో వచ్చింది. అందులో తెలుగుకూ చోటు ఉన్నది. ఇకమీద తెలుగు టైపు చేస్తే యూనికోడులోనే చేయండి. పాతవాటిని ఇప్పుడే మార్పించుకోండి.

పెద్దలకు ఒక మనవి. కంప్యూటరును మీట కట్టి ఆర్పకుండా, పద్ధతిగా మూసి ఆర్పండి. కరెంటు వచ్చిపోయే ఊళ్ళలో యూ.పి.ఎస్. ఉంచండి. ఉరుములు మొదలు కాకముందే తీగలన్నీ గోడనుంచి లాగండి. ఇంటర్‌నెట్టు తీగను మరవవద్దు. పిడుగు దానివెంట కూడా వస్తుంది. ఇంటర్‌నెట్టులో దాచిన వాటి పాస్‌వర్డును ఒక కాగితంమీద వ్రాసి, ఇంటి దస్తావేజులతోపాటు ఉంచండి. ఇంట్లో ఒక్కరికే తెలిసిన తాళం, ఆ ఒక్కరూ లేనప్పుడు ఎవరికీ తెరుచుకోదు.

పిల్లలూ, వచ్చే ఆదివారం మీకు ఒక పని. అమ్మా నాన్నలతో కూర్చుని కంప్యూటరు తెరవండి. ఒక కాగితంమీద రెండు వరసలు గీయండి. పోతే మళ్ళీ తెచ్చుకోగలిగినవి ఒక వరసలో వ్రాయండి. సినిమాలు, ఆటలు, పాఠ్యపుస్తకాలు అందులోకి వస్తాయి. లోకంలో ఇంకెక్కడా లేనివి రెండో వరసలో వ్రాయండి. ఆ రెండో వరస చిన్నదిగానే ఉంటుంది. దానికి మాత్రం ఆ రోజే నకలు తీయండి. తీసి ఊరుకోకుండా, నకలులోని ఫోటో ఒకటి, పాట ఒకటి తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది నకలు. డిస్కుమీద చిన్న కాగితం అంటించి, ఆనాటి తేదీ వేయండి. మూడు నెలలకు ఒకసారి ఆ తేదీ మార్చండి.

మీ ఇంట్లో ఇంకా పాడగలిగిన నాయనమ్మ ఉన్నదా? అయితే నకలు పని సాయంత్రానికి పెట్టుకోండి. ముందు ఆమె దగ్గర కూర్చుని ఒక పాట పాడించుకోండి.