మా హాలులో రామబ్రహ్మం

యీ వేసవి సెలవుల్లో చదవాలని తెచ్చుకొన్న పుస్తకాలు బల్లమీద అట్లాగే వున్నాయి. నరసరావుపేట యెండకు జడిసి, మధ్యాహ్నాలు మా నాన్నగారి పక్కన కూర్చుని వరసగా సినిమాలు చూశాను. యిప్పుడు హాలులోని టీవీకి కాలభేదం లేదు. నిన్న విడుదలైన చిత్రమూ వస్తుంది, 1938 నాటిదీ వస్తుంది. కొత్తవాటిలో "మాచర్ల నియోజకవర్గం" (2022) చూస్తూ నాన్నగారు నిద్రపోయారు. మన ప్రాంతం పేరు పెట్టుకొన్న చిత్రం గనుక నేను చివరిదాకా మేలుకొని వున్నాను. దాన్ని గురించి అంతకుమించి వ్రాయనక్కరలేదు.

నాన్నగారి కోరికమీద గూడవల్లి రామబ్రహ్మం చిత్రాలు రెండు పెట్టాను: "మాలపిల్ల" (1938), "పల్నాటి యుద్ధం" (1947). రెండింటికీ మధ్య "రైతుబిడ్డ" వున్నది. జమీందార్లకు అది మింగుడుపడక కొన్నిచోట్ల నిషేధానికి గురైన సంగతి మన విద్యార్థులకు తెలిసిందే. "పల్నాటి యుద్ధం" పూర్తికాకుండానే 1946లో రామబ్రహ్మం కన్నుమూశారు. మిగిలిన భాగాన్ని ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశారు.

"మాలపిల్ల"కు కథ చలంది, మాటలు తాపీ ధర్మారావువి. హరిజనుల ఆలయ ప్రవేశాన్ని ఆనాడు తెరమీదికి తేవటానికి యెంత గుండెధైర్యం కావాలో నేను తక్కువచేసి చెప్పబోవటం లేదు. కాని కథ మలుపు తిరిగే చోటు చూడండి. సుందరరామశాస్త్రి యెప్పుడు మారాడు? తగలబడుతున్న యింట్లోనుంచి తన భార్యను వొక హరిజనుడు కాపాడిన తరువాత! అంటే మనిషిగా గుర్తింపబడటానికి ఆ మనిషి ముందు మంటల్లో దూకాలి. దూకని వాడి సంగతేమిటి? కూలికి పోయి, సాయంత్రం యింటికి వచ్చి, యెవరినీ కాపాడే అవకాశం రాక ముసలివాడై పోయినవాడికి గుడి తలుపు తెరుచుకోదా? సంస్కరణోద్యమం మంచితనమంతా, దాని పరిమితి అంతా యీ వొక్క ఘట్టంలో వున్నదని నాకు తోచింది.

ఆ శాస్త్రి పాత్ర ధరించిన గోవిందరాజుల సుబ్బారావే తొమ్మిదేళ్ళ తరువాత "పల్నాటి యుద్ధం"లో బ్రహ్మనాయుడు. అంటరానితనం పాటించిన ముఖమే, మాల కన్నమదాసును కొడుకుగా చేసుకొని సేనాపతిని చేసిన వీరుడి ముఖమయింది. కన్నాంబ నాగమ్మను చూస్తున్నంతసేపూ మా అమ్మ వంటింటి గుమ్మంలోనుంచి కదలలేదు. "రాజ్యం చేసిన ఆడది గనుక దుర్మార్గురాలయింది" అని వొక్కమాట అని లోపలికి వెళ్ళిపోయింది. శ్రీనాథుని పేర ప్రచారంలో వున్న ద్విపదను యేళ్ళ తరబడి పాఠం చెబుతున్న నాకు ఆ మాట యెన్నడూ తట్టలేదు.

చాపకూడు ప్రసక్తి వచ్చినప్పుడు నాన్నగారి కళ్ళు చెమర్చాయి. ఆయన ప్రాథమిక పాఠశాలలో ముప్పయ్యేళ్ళు పనిచేశారు. "అన్ని కులాల్నీ వొక్క చాపమీద కూర్చోబెట్టాడురా, పన్నెండో శతాబ్దంలో!" అన్నారు. ఆ కన్నీరు నాటకం కాదు. నేను దాన్ని నమ్ముతాను. నమ్మటం వల్లనే తరువాతి సంగతి వ్రాయటం కష్టంగా వున్నది.

మా యింట్లో అంట్లు తోమే ఆవిడ ఆ సమయాన హాలు గడపకు అవతల, నేలమీద చతికిలబడి సినిమా చూస్తున్నది. ఆవిడ పుట్టిల్లు కారెంపూడి దగ్గర. యుద్ధంలో నాగులేరు నెత్తురుమయమయిందని చెప్పుకొనే ఆ వూళ్ళో యేటా కార్తీకంలో అయిదు రోజులు వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. మందపోరునాడు చాపకూడు పెడతారు.

"మా నాయన నన్ను బుజాన యేసుకొని తిరణాలకి తీసకపొయ్యేవాడు బాబూ," అన్నది. "కన్నమదాసు కత ఆడ తెల్లార్లూ చెబుతారు. యిందులో అప్పుడే అయిపోయిందే!"

విమర్శకులుగా మనం ఇతివృత్తం, పాత్రపోషణ అంటూ పుటలు నింపుతాం. ఆ మాటకు మించిన విమర్శ యీ చిత్రంమీద నేను చదవలేదు. మరుసటి రోజు ఎన్.టి. రామారావు బ్రహ్మనాయుడుగా, భానుమతి నాగమ్మగా నటించిన 1966 నాటి చిత్రం పెట్టాను. కన్నమదాసు కోసమే చూశాను. ఆవిడ కూడా అందుకోసమే చూసిందనుకొంటాను.

సినిమా అయ్యాక అమ్మ అందరికీ కాఫీ యిచ్చింది. ఆవిడకు పెరటి గోడ గూట్లో వొక స్టీలు గ్లాసు వున్నది. నేను కళాశాలలో చేరకముందునుంచీ వున్నది. ఆవిడే వెళ్ళి తెచ్చుకొన్నది, ఆవిడే పోయించుకొన్నది. నాన్నగారు బ్రహ్మనాయుణ్ణి గురించి యింకా చెబుతూనే వున్నారు. నేను "అవును, అవును" అంటున్నాను. వామపక్ష సభల్లో కులనిర్మూలన మీద ప్రసంగించిన నోరే అది.

ఆదివారం అమ్మానాన్నలు గురజాల పెళ్ళికి వెళ్ళారు. నేనే కాఫీ కలిపి, మేం తాగే గ్లాసులోనే పోసి ఆవిడ చేతికిచ్చాను. కాసేపు చూసి తీసుకొన్నది. తాగింది. తరువాత గ్లాసు శుభ్రంగా తోమి, వంటింట్లో బోర్లించకుండా తీసుకుపోయి గూట్లో, తన గ్లాసు పక్కన పెట్టింది.

"అక్కడెందుకు?" అన్నాను.

"అమ్మగారొచ్చాక చెప్పు బాబూ, యేం చెయ్యమంటారో," అన్నది.

అమ్మ వచ్చి నాలుగు రోజులయింది. రెండు గ్లాసులూ గూట్లోనే వున్నాయి.