నైట్రేటు నీళ్ళలో కరుగుతుంది

నత్రికామ్లం నుంచి వచ్చే లవణాలే నైట్రేట్లు. మామూలు నైట్రేట్లన్నీ నీళ్ళలో కరుగుతాయి. పరీక్షలో ఇది ఒక మార్కు ప్రశ్న. నాకు మాత్రం ఇందులో మా ఊరి బావి కనబడుతుంది.

క్లోరైడుకి సిల్వర్ నైట్రేట్ ద్రావణం వేస్తే తెల్లని అవక్షేపం వస్తుంది. సల్ఫేటుకి బేరియం క్లోరైడ్ వేసినా అంతే. నైట్రేటు అలా అడుక్కి దిగదు. అందుకే దానికి వలయ పరీక్ష పెట్టారు. లవణ ద్రావణంలో అప్పుడే చేసిన ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం కలపాలి. నాళికను వంచి, గాఢ సల్ఫ్యూరికామ్లాన్ని గోడ వెంట మెల్లగా జార్చాలి. కదపకూడదు. రెండూ కలిసేచోట గోధుమరంగు ఉంగరం కనిపిస్తుంది. అక్కడ నైట్రేటు ఫెర్రస్ ఇనుమును ఫెర్రిక్‌గా మార్చి, తాను నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. అది మిగిలిన ఫెర్రస్‌తో కలిస్తే ఆ రంగు.

ఇక ఊళ్ళోకి వద్దాం. పొలంలో వేసిన యూరియాని, పెంటకుప్పలోని పేడని నేలలోని సూక్ష్మజీవులు చివరికి నైట్రేటుగా మారుస్తాయి. పైరు తీసుకున్నంత తీసుకుంటుంది. మిగిలింది వాననీటిలో కరిగి కిందికి దిగుతుంది. మా బావికి పది అడుగుల్లోనే పెంటకుప్ప ఉంది! నైట్రేటుకి నీళ్ళలో రంగూ లేదు, వాసనా లేదు.

నీళ్ళు కాచి తాగమంటారు. క్రిములు చావడానికి అది మంచిదే. కానీ కాస్తే నైట్రేటు పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నెలల పిల్లలకి ఇదే ప్రమాదం. వాళ్ళ కడుపులో అది నైట్రైటుగా మారి, రక్తంలోని ఫెర్రస్ ఇనుమును ఫెర్రిక్ చేస్తుంది. నాళికలో ఇనుముకి జరిగిందే ఇక్కడా జరుగుతుంది. ఆ రక్తం ఆక్సిజన్ మోయలేదు. బిడ్డ పెదాలు, గోళ్ళు నీలమవుతాయి. 1945లో అమెరికాలోని అయోవాలో హంటర్ కామ్లీ అనే డాక్టరు, ఇది బావినీళ్ళ వల్లేనని రాశాడు. మన దేశంలో తాగేనీటికి హద్దు లీటరుకి 45 మిల్లీగ్రాములు.

మా అక్కకి రెండు నెలల పాప. దసరా సెలవులకి వెళ్ళి మూడు మాటలు చెబుతాను. ఆరు నెలలదాకా తల్లిపాలే పట్టాలి, కాచిన నీళ్ళయినా వద్దు. పెంటకుప్పని బావికి దూరంగా, పల్లం వైపుకి మార్చాలి. నీళ్ళు సీసాలో పట్టి పరీక్షకి పంపాలి. కొద్దిపాటి నైట్రేటుని మన వలయ పరీక్ష పట్టలేదు.

"మీ తాతలు తాగలేదా ఈ నీళ్ళు?" అంటుంది నాయనమ్మ. తాతల కాలంలో యూరియా బస్తాలు లేవు కదా, అంటాను.

వార్డెన్ సారుకి ఒక మనవి. మన హాస్టలు బోరునీళ్ళు కూడా ఒక సీసా పంపించండి సార్.

– పదో తరగతి విద్యార్థి