చాకు మీద నాలుగంకెలు



పోయిన నెల కూటం అయిపోయాక ఒక తమ్ముడు మమ్మల్ని పక్కకు పిలిచి, "అయ్యగారూ, మీ బైబిలు సంచిలో చాకు ఎందుకుంది?" అని అడిగాడు. పులివెందుల, జమ్మలమడుగు రోడ్ల మీద తిరిగే పాస్టరు సంచిలో చాకు కనబడితే అడగవలసిన ప్రశ్నే అది. మన సీమలో కత్తి అనే మాట వింటేనే జనం గొంతు తగ్గిస్తారు. అప్పుడు నవ్వి ఊరుకున్నాము. ఇప్పుడు జవాబు రాస్తున్నాము. ఇందులో మేము ఒప్పుకోవలసిన సంగతి కూడా ఒకటి ఉంది.

మొదలైంది ప్రొద్దుటూరులో. ప్రొద్దుటూరు అంటే అందరికీ బంగారం అంగళ్లు గుర్తొస్తాయి. మాకు గుర్తొచ్చేది పాత ఇనుము అంగడి. మందిరం గేటుకు కీలు కోసం పోతే, మేకుల డబ్బా అడుగున తుప్పు పట్టిన మడత చాకు ఒకటి కనబడింది. నలభై రూపాయలిచ్చి తెచ్చుకున్నాము. ఇంటికి రాగానే ఉప్పుకాగితం తీసుకుని తళతళ మెరిసేదాకా రుద్దాము. తరువాత భూతద్దం పెట్టి చూస్తే బ్లేడు మొదట్లో, పిడిలోకి దూరే చోట, అర నక్షత్రం, ఒక సిలువలో రెండు కొమ్మలు మాత్రం మిగిలి ఉన్నాయి. సిలువను చూసి ఇది మిషనరీల గుర్తు అయివుంటుందని సంబరపడ్డాము. కాదు. నక్షత్రం, మాల్టా సిలువ ఇంగ్లాండులోని షెఫీల్డు పట్టణంలో జోసెఫ్ రాడ్జర్స్ అనే చాకుల కంపెనీ వ్యాపార గుర్తు. ఆ కంపెనీ చాకు మీద V, R అక్షరాల మధ్య కిరీటం ఉంటే విక్టోరియా రాణి కాలానిది, అంటే 1901 లోపుది. G, R ఉంటే జార్జి రాజులది. మా చాకు మీద ఆ అక్షరాలు ఉండేవో లేవో మా ఉప్పుకాగితానికే తెలియాలి. పాత చాకును మెరిపించకూడదు. నూనె గుడ్డతో తుడిచి వదిలేయాలి. ఈ పాఠానికి నలభై రూపాయలు ఎక్కువేం కాదు.

అప్పటినుంచి నోటు పుస్తకం ఒకటి పెట్టుకుని గుర్తులు చదవడం నేర్చుకున్నాము. చాకు మీద ఇంగ్లాండ్ అనే మాట ఉంటే అది చాలావరకు 1891 తరువాతిది. తమ దేశానికి వచ్చే సరుకు మీద పుట్టిన దేశం పేరు ఉండాలనే అమెరికా చట్టం అమలులోకి వచ్చింది అప్పుడే. స్టెయిన్‌లెస్ అని ఉంటే 1913 తరువాతిది. షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ ఆ ఉక్కు కనిపెట్టింది ఆ ఏడే. Rd. No. అని ఉంటే అది రూపానికి తీసుకున్న రిజిస్ట్రేషన్. ఆ వరస 1884లో ఒకటితో మొదలై 1900 నాటికి మూడున్నర లక్షలు దాటింది కాబట్టి సంఖ్యను బట్టి ఏడు చెప్పవచ్చు. పేటెంటు వేరు. రూపానికి కాదు, పనిచేసే తీరుకు దొరికే హక్కు అది. ఇక్కడే చిక్కు. బ్రిటను పేటెంట్ల సంఖ్యలు 1915 దాకా ప్రతి ఏడూ మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యేవి. సంఖ్య ఒక్కటే ఉంటే ఏ ఏటిదో తెలియదు. 1916 నుంచే లక్ష దాటిన వరుస సంఖ్యలు వచ్చాయి. (మన దేశంలో పేటెంటు చట్టం 1856లో వచ్చింది. మొదటి దరఖాస్తు పంకా లాగే యంత్రానికి. కడప ఎండల్లో నడిచినవారెవరూ దాన్ని చూసి నవ్వరు.)

ఇంత చిన్న గుర్తుల కోసం ఇంత తిప్పలు అవసరమా అంటారేమో. మొదటి సమూయేలు 13వ అధ్యాయం చివర చూడండి. ఇశ్రాయేలు దేశంలో కమ్మరివాడు లేక, పనిముట్లు పదును పెట్టించుకోవడానికి జనం ఫిలిష్తీయుల దగ్గరికి పోవలసి వచ్చింది. అక్కడ హెబ్రీలో పీమ్ అనే మాట ఒకటుంది. 1611 నాటి ఆంగ్ల తర్జుమా చేసినవారు దాన్ని ఆకురాయి అనుకున్నారు. తరువాత తవ్వకాల్లో ఆ మాటే చెక్కిన చిన్న తూకపు రాళ్లు దొరికాయి, ఏడున్నర గ్రాముల చిల్లర బరువు. అది పనిముట్టు పేరు కాదు, పదును పెట్టినందుకు ఫిలిష్తీయులు గుంజుకున్న వెండి తూకం. బొటనవేలంత రాయి మీద మూడు అక్షరాలు ఒక వచనాన్ని విప్పాయి.

పులివెందుల దగ్గర చీనీ తోటల పెద్దాయన ఒకరు మాకు అంటు కట్టే చాకు ఇచ్చాడు. ఒక కొసన బ్లేడు, రెండో కొసన పలుచని ఎముక బద్ద. బ్లేడుతో జంబీరి మొక్క బెరడు మీద గాటు పెట్టి, ఎముక బద్దతో బెరడును మెల్లగా లేపి, చీనీ కన్నును లోపలికి దూర్చి కట్టేస్తారు. ఇనుము తగిలితే లోపలి పచ్చి పొర చిరుగుతుంది, అందుకే ఎముక అని చెప్పాడు. రోమా పత్రిక 11వ అధ్యాయం మీద మేము చేసిన ప్రసంగాలన్నిటికన్నా ఆయన ఆ ఒక్క మొక్క దగ్గర కూర్చుని చూపించింది బాగా అర్థమైంది. తమ్ముడు సంచిలో చూసింది ఆ చాకునే.

ఇక జమ్మలమడుగు సంగతి. అక్కడ క్యాంబెల్ ఆసుపత్రి, లండన్ మిషనరీ సొసైటీ వారి పని అందరికీ తెలిసినవే. మా ఎరుకలో ఒక అవ్వ ఉంది. ఆమె మామగారు దొరల ఇంట్లో పనిచేసినవాడు. ఆ ఇంటినుంచి వచ్చిన చాకు ఆమె పెట్టెలో ఉంది. నల్లటి గేదె కొమ్ము పిడి. షెఫీల్డు వాళ్లు పిడులకు వాడిన గేదె కొమ్ములు, కణుజు కొమ్ములు చాలా మన దేశం నుంచే ఓడలెక్కి పోయేవి. ఇక్కడి కొమ్మే అక్కడికి పోయి తిరిగొచ్చిందేమో. బ్లేడు మొదట్లో పేటెంట్ అనే మాట, నాలుగంకెలు మాకు కనబడ్డాయి. చూసి కూడా ఏమన్నామో తెలుసా? "స్ప్రింగు పోయింది అవ్వా, తుప్పు తినేసింది, దేనికీ పనికిరాదు" అన్నాము. నూరు రూపాయలిచ్చాము. మందుల కోసం అవసరంలో ఉండి తీసుకుంది.

ఆ నాలుగంకెల వెంట రెండు నెలలు పడ్డాము. ఇంగ్లాండ్ అని ఉంది, స్టెయిన్‌లెస్ అని లేదు; కాబట్టి 1891 నుంచి వరుసగా ఒక్కో ఏటి పేటెంటు తెరిచి చూశాము. యూరపు పేటెంటు కార్యాలయం వాటిని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఒక ఏడు సైకిలు భాగం, ఒక ఏడు మగ్గం భాగం. ఒక రాత్రి పదకొండు గంటలకు చాకు బొమ్మ తెర మీదికి వచ్చింది. గోరు పెట్టి లాగకుండా, పిడి కొసన నొక్కితే బ్లేడు లేచే ఏర్పాటు. స్ప్రింగు పోలేదు, మురికి పట్టింది అంతే. కిరసనాయిలు చుక్కలు వేస్తే టక్కున లేచింది. అలాంటివి అమ్మేవారు మేమిచ్చిన దానికి ఇరవై రెట్లు అడుగుతున్నారని కూడా ఆ రాత్రే చూశాము.

పరుగెత్తి మా అమ్మగారికి చూపించాము. ఆమె చాకు చూడలేదు. "అవ్వకు చెప్పినారా?" అంది.

సామెతలు 20:14 మీద మేము సంతబజారు వీధి కూటంలో ప్రసంగించినవాళ్లం. కొనేవాడు సరుకును తిట్టి, ఇంటికి పోయాక మురిసిపోవడం గురించి జనాన్ని నవ్వించాము కూడా. చెప్పకుండా ఉండటానికి మూడు వారాలు సాకులు వెతికాము. సంఘానికి చూపించడానికే కదా, పరిశోధన కదా అనుకున్నాము. చివరికి బస్సెక్కాము.

అవ్వ వసారాలో కూర్చుని ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాము, మేము ఆడిన అబద్ధంతో సహా. విలువ ఎంతో చెప్పి, మిగతా డబ్బు తీసుకుంటావా, చాకు తీసుకుంటావా అని అడిగాము. చాలాసేపు పలకలేదు.

"అది మా ఆయన చాకు అయ్యగారూ. ఇచ్చినాక రెండు నాళ్లు నిద్ర పట్టలా" అంది. తరువాత, "మీ నూరు రూపాయలు మాత్రలకు అయిపాయ. యాడ తెచ్చేది?" అంది. అది అడగడానికి రాలేదన్నాము. క్షమించానని ఆమె అనలేదు, అనమని మేమూ అడగలేదు.

పిడి కొసన నొక్కి చూపించాము. బ్లేడు లేచింది. ఆమె రెండు మూడు సార్లు తానే నొక్కి చూసుకుంది. తరువాత లోపలినుంచి నిమ్మకాయ తెచ్చి ఆ చాకుతోనే కోసి మాకు నీళ్లు కలిపి ఇచ్చింది. కిరసనాయిలు వాసన వచ్చింది. తాగేశాము.

నోటు పుస్తకంలో ఆ పేజీ అలాగే ఉంది: నాలుగంకెలు, ఏడు, మేము గీసుకున్న బొమ్మ. చాకు జమ్మలమడుగులో ఉంది.